మక్కా ఓడకు పరాయివాడి సంతకం

ఉద్దానం పల్లెలలో 'మా వాడు షిప్పులో ఉన్నాడు' అన్న మాటకు ఒక ప్రత్యేక గౌరవం ఉంది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల నుండి ఎందరో యువకులు పలాసలో రైలెక్కి మహానగరాల రేవులకు చేరి, అక్కడి నుండి వాణిజ్య నౌకలలో దేశదేశాలకు తరలిపోతున్నారు. వారి పెట్టెలో అన్నిటికంటె భద్రంగా దాచుకునే వస్తువు ఒక చిన్న పుస్తకం. కంటిన్యువస్ డిశ్చార్జ్ సర్టిఫికేట్ అని దాని పూర్తి పేరు. నావికులందరికీ అది సి.డి.సి. ఏ ఓడలో ఎప్పుడు చేరాడు, ఎప్పుడు దిగాడు అన్న వివరాలు అందులో నమోదవుతాయి. వాటి పక్కన ఓడ కెప్టెన్ సంతకం పడుతుంది. సంతకం లేని ప్రయాణం ఎంత కష్టపడి చేసినా లెక్కలోనికి రాదు.

సముద్రం మీద మరొకరి సంతకంపై ఆధారపడవలసిన ఈ స్థితి తెలుగు తీరానికి కొత్త కాదు. సుమారు నాలుగు వందల సంవత్సరాల క్రితం, శ్రీకాకుళం ప్రాంతం గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో ఉన్న కాలంలో, మక్కాకు బయలుదేరే హాజీల ఓడకు కూడా ఒక కాగితం కావలసి వచ్చింది. ఆ కాగితం మీద సంతకం సుల్తానుది కాదు, ఖాజీది కాదు, రేవు అధికారి షాబందరుది కూడా కాదు. అది పోర్చుగీసు దేశపు కోట కెప్టెనుది, లేదా ఆ దేశపు నౌకాదళ నాయకునిది. ఆ కాగితం పేరు కర్తాజ్.

ఖుర్ఆన్ చదివే ఇళ్లలో ఈ పేరు మరీ అపరిచితంగా తోచదు. దివ్యఖుర్ఆన్‌లోని అల్ అన్ఆమ్ సూరా 7వ ఆయత్‌లో 'ఖిర్తాస్' అనే పదం వస్తుంది. 91వ ఆయత్‌లో దాని బహువచనమైన 'ఖరాతీస్' వస్తుంది. వ్రాయడానికి ఉపయోగించే పత్రమని దాని అర్థం. అరబ్బుల నుండి ఈ మాటను నేర్చుకున్న పోర్చుగీసువారు దానిని కర్తాజ్‌గా మార్చుకుని, తుపాకులతో సహా మళ్లీ అరబ్బు ఓడల ముందుకే తీసుకువచ్చారు. నేటి పోర్చుగీసు భాషలో ఆ పదానికి గోడపత్రిక అని అర్థం.

మన తెలుగులో కూడా కాగితాల భాష చాలావరకు పారసీకం, అరబ్బీల నుండి వచ్చినదే. కాగితం, దస్తావేజు, రసీదు, జామీను, కౌలు, దస్కతు ఇందుకు ఉదాహరణలు. నేడు పెద్ద రోడ్డు అనే అర్థంలో వాడుతున్న 'రహదారి' అన్న మాటకు పూర్వం దారికాపు, దారి సుంకం అని అర్థాలు ఉండేవి. ఆ దారిన పోవడానికి ఇచ్చే అనుమతి చీటిని కూడా రహదారి అనేవారు. భూమి మీద ఇటువంటి చీటీలు మన పూర్వికులకు బాగా అలవాటే. సముద్రం మీద మాత్రం అవి వింతగానే తోచాయి.

కాగితంలో ఏముండేది?

1498లో వాస్కో డ గామా కాలికట్టు చేరే నాటికి హిందూ మహాసముద్రంలో గుజరాతీ, అరబ్బు, మలబారు, కోరమండల్ వర్తకుల ఓడలు శతాబ్దాలుగా తిరుగుతున్నాయి. రేవులో ఆగితే రేవు సుంకం చెల్లించేవారు. సముద్రపు దొంగల భయం ఉండనే ఉంది. అయితే ఓడ నీటి మీద నడిచినందుకే అనుమతి అడిగే గొప్ప రాజ్యం ఏదీ ఈ పశ్చిమ సముద్రంలో ఉండేది కాదని చరిత్రకారుల సాధారణాభిప్రాయం. పోర్చుగీసు రాజు ఈ సముద్రానికి తానే ప్రభువునని ప్రకటించుకున్నాడు. ఆ ప్రకటనను కాగితం మీద పెట్టిన రూపమే కర్తాజ్.

ఇది మొదలైన సంవత్సరం 1502. అదే సంవత్సరంలో హజ్ ముగించుకుని తిరిగి వస్తున్న 'మీరీ' అనే ఓడను వాస్కో డ గామా మలబారు తీరాన పట్టుకున్నాడు. సొత్తు దోచుకుని, ప్రయాణికులు లోపల ఉండగానే ఓడకు నిప్పు పెట్టించాడు. స్త్రీలు, పసిపిల్లలతో సహా వందల మంది మరణించారు. ఈ వృత్తాంతాన్ని నమోదు చేసినవారిలో ఆ నౌకాదళంలో ప్రయాణించిన పోర్చుగీసువారు కూడా ఉన్నారు. కాబట్టి దీనిని శత్రువుల కల్పన అని తోసిపుచ్చడం సాధ్యం కాదు. తర్వాతి కాలంలో కర్తాజ్ కాగితాన్ని చేతిలో పట్టుకున్న ప్రతి నాఖుదాకూ ఈ మంట జ్ఞాపకం ఉండే ఉంటుంది. కాగితానికి విలువ వచ్చింది సిరా వలన కాదు.

పత్రంలో మొదట ఓడ పేరు, దాని పరిమాణం, నాఖుదా పేరు వ్రాసేవారు. ఓడలో ఎన్ని ఆయుధాలున్నాయి, ఏ రేవు నుండి ఏ రేవుకు పోతున్నది అన్నవి తరువాత వచ్చేవి. ఆపైన నిషేధాల జాబితా. మిరియాల వంటి సుగంధద్రవ్యాలు పోర్చుగీసు రాజు గుత్తసొత్తు గనుక వాటిని ఎక్కించరాదు. ఇనుము, రాగి, యుద్ధసామగ్రి ఎక్కించరాదు. 'రూమీలు', అనగా తుర్కులు, ఓడలో ఉండరాదు. దారిలో పోర్చుగీసు కోట ఉన్న రేవులో ఆగి సుంకం చెల్లించాలి. ఈ షరతులలో ఏ ఒక్కటి తప్పినా, లేక అసలు కాగితమే లేకపోయినా, ఓడ, సరుకు జప్తు అవుతాయి. మనుషుల గతి పట్టుకున్న కెప్టెన్ దయాదాక్షిణ్యాల మీద ఆధారపడి ఉండేది.

కాగితం ధర స్వల్పమే. అసలు భారం సుంకంలో ఉంది. గోవాకో, డయ్యూకో, హుర్ముజ్‌కో దారి మళ్లించి అక్కడ చెల్లించవలసిన సొమ్ము ఎక్కువ. దారి మళ్లినందుకు పోయే రోజులు ఇంకా ఎక్కువ. తెరచాప ఓడలకు రోజులంటే గాలి. ఋతుపవనం దాటిపోతే ఆ సంవత్సరపు ప్రయాణమే పోతుంది. హాజీకి ఆ సంవత్సరపు హజ్ పోతుంది. మలబారు ధర్మవేత్త జైనుద్దీన్ మఖ్దూమ్ 16వ శతాబ్దం చివరి భాగంలో రచించిన 'తుహ్ఫతుల్ ముజాహిదీన్' గ్రంథంలో ఈ పత్రాల పీడనను ప్రత్యేకంగా పేర్కొన్నారు. పెద్ద ఓడ, చిన్న ఓడ అన్న తేడా లేకుండా అందరి మీదా దీనిని రుద్దారన్నది ఆయన ఆరోపణ.

గోల్కొండ తీరం

ఇప్పుడు మన తీరానికి వద్దాం. 16వ శతాబ్దం చివరి భాగంలో కళింగాంధ్ర ప్రాంతం కుతుబ్ షాహీల అధీనంలోనికి వచ్చింది. శ్రీకాకుళం, నాటి వాడుకలో చికాకోలు, ఫౌజుదారుల నివాసమైంది. ఆ పట్టణపు జామియా మసీదును ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో నిర్మించాడు. గోదావరి ముఖం నుండి పూరీ వైపుగా సాగే ఈ తీరమంతటినీ ఐరోపా నావికులు 'జింజెలీ తీరం' అనేవారు. నువ్వులకు వారు వాడే పేరు కూడా అదే. 1669 నుండి 1679 వరకు బంగాళాఖాతంలో తిరిగిన ఆంగ్ల నౌకా వ్యాపారి థామస్ బౌరీ తన గ్రంథంలో ఈ తీరాన్ని కూడా వర్ణించాడు. ఈ తీరపు ధాన్యం, బట్టలు తీరపు ఓడలలో దక్షిణానికి పోయేవి. కళింగపట్నం, బారువ వంటి రేవులకు లోతైన నౌకాశ్రయాలు లేవు. ఓడ దూరంగా లంగరు వేస్తే, అలలను చీల్చుకుంటూ పడవలు సరుకు చేరవేసేవి.

అయితే మక్కాకు పోవలసినవారికి మహాద్వారం మచిలీపట్నమే. అక్కడి నుండి 16వ శతాబ్దం చివరి దశాబ్దాల నాటికే ఎర్రసముద్రపు రేవులకు ఓడలు నడిచాయి. వాటిలో గోల్కొండ సుల్తాను ఓడ ముఖ్యమైనది. హాజీలు, అద్దకపు బట్టలు కలిసి ప్రయాణించేవి. హజ్, వ్యాపారం ఒకే ఓడలో సాగడాన్ని ఆనాటివారు తప్పుగా భావించలేదు. ధర్మం కూడా దానిని నిషేధించలేదు.

బంగాళాఖాతంలో పోర్చుగీసు పట్టు పశ్చిమ తీరమంత బిగువుగా ఉండేది కాదు. మచిలీపట్నంలో వారికి కోట లేదు. అందువల్ల ఈ రేవు వర్తకులు సుమత్రాలోని అచే రాజ్యానికి కర్తాజ్ లేకుండానే ఓడలు పంపేవారు. పోర్చుగీసులకు అచే సుల్తానులు బద్ధశత్రువులు గనుక అక్కడికి పోవడానికి కర్తాజ్ దొరికే మాట ఎలాగూ లేదు. దొరకని అనుమతి కోసం ఆగిపోకపోవడం వారి తెగువ. ఎర్రసముద్రం వైపు మాత్రం ఆ తెగువ చాలదు. ఆ దారిలో సింహళం ఉంది, మలబారు ఉంది, గోవా నుండి బయలుదేరే యుద్ధనౌకలున్నాయి. అందుచేతనే దక్కను సుల్తానులు, మొగలు చక్రవర్తులు మక్కా ఓడకు కర్తాజ్‌ను ఒప్పందాల ద్వారా సంపాదించుకోవలసి వచ్చింది. కొన్ని ఒప్పందాలలో ఏటా ఒక ఉచిత కర్తాజ్ ఇవ్వడం ఒక షరతుగా ఉండేది.

ఇక్కడ మా మనస్సును కలచివేసే విషయం ఒకటి ఉంది. 1632లో అబ్దుల్లా కుతుబ్ షా ఆంగ్లేయులకు ఒక ఫర్మానా ఇచ్చాడు. చరిత్రలో అది 'బంగారు ఫర్మానా'గా ప్రసిద్ధి. ఏటా 500 పగోడాలు చెల్లించి గోల్కొండ రేవులలో స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోవడానికి అది అనుమతి. నేల మీద పరాయివాడు సుల్తాను ముద్ర కోసం చేతులు కట్టుకుని నిలుచున్నాడు. అదే సుల్తాను ఓడ రేవు దాటగానే, దాని నాఖుదా పరాయివాడి సంతకం చూపవలసి వచ్చింది. గోల్కొండలో వజ్రాలున్నాయి, ఫిరంగులున్నాయి, గొప్ప సేన ఉంది. లేనిది నౌకాదళం. దక్కనులోను, ఢిల్లీలోను పాలకులు సముద్రాన్ని వర్తకుల వ్యవహారంగా చూసి వదిలేశారు. దాని మూల్యాన్ని హాజీలు చెల్లించారు. పోర్చుగీసు దౌర్జన్యాన్ని ఎంత నిందించినా, ఈ నిర్లక్ష్యాన్ని కూడా చెప్పకపోతే మాట సగమే అవుతుంది.

హజ్ విధి తొలగిపోతుందా?

కర్తాజ్ ఒక వర్తక పత్రంగానే మిగిలి ఉంటే మేము దానిని ఇంతగా చర్చించేవారం కాదు. అది ధర్మశాస్త్ర సమస్యగా మారింది. ఆలి ఇమ్రాన్ సూరా 97వ ఆయత్ ప్రకారం హజ్ విధి అయ్యేది అక్కడికి చేరుకోగల స్థోమత ఉన్నవారికి. దారి భద్రత ఆ స్థోమతలో భాగమేనని ఫిఖ్హ్ పండితులు చెబుతారు. దారిలో అన్యాయపు సుంకం చెల్లించవలసి వస్తే హజ్ విధి తప్పుతుందా అన్న విషయంలో వారి మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి.

అక్బరు ఆస్థానంలో ఈ ప్రశ్న తీవ్రరూపం దాల్చింది. కర్తాజ్ మీద ఈసా ప్రవక్త (అలైహిస్సలాం), హజ్రత్ మర్యమ్ (అలైహస్సలాం) చిత్రాలు ముద్రించి ఉండేవని నాటి చరిత్రకారుడు బదాయూనీ వ్రాశాడు. సముద్రపు దారిన పోతే ఆ చిత్రాలున్న పత్రాన్ని పట్టుకోవాలి. భూమార్గాన పోతే ఇరాన్‌లో ఇక్కట్లు తప్పవు. కాబట్టి హిందూస్థాన్ ముస్లిములకు హజ్ విధి కాదు అని 'మఖ్దూముల్ ముల్క్' బిరుదాంకితుడైన అబ్దుల్లా సుల్తాన్‌పురీ ఫత్వా ఇచ్చినట్లు బదాయూనీ కథనం. ఆయనకు మఖ్దూముల్ ముల్క్ అంటే గిట్టదు గనుక ఆ కథనాన్ని కొంత జాగ్రత్తగా చదవాలి. అయినా ఫత్వా వెనుక ఉన్న చిక్కు నిజమైనదే. ఆరాధనకు పోయే దారిలో, మన విశ్వాసానికి విరుద్ధమైన గుర్తు ఉన్న కాగితాన్ని విధిలేక మోసేవాడు పాపి అవుతాడా, పీడితుడు అవుతాడా? పీడితుడనే మా అభిప్రాయం. ఆ కాలపు సామాన్య హాజీలు కూడా తమ నడక ద్వారా అదే సమాధానం చెప్పారు. ఫత్వాలు ఎలా ఉన్నా ఓడలు నిండుతూనే ఉన్నాయి. కొంతకాలానికి, అక్బరు ఆగ్రహానికి గురైన మఖ్దూముల్ ముల్క్‌నే మక్కాకు పంపివేశారు. విధి కాదన్న ప్రయాణం ఆయనకు రాజాజ్ఞ అయింది.

ఆ చర్చ సాగుతున్న రోజులలోనే స్త్రీల బృందం ఒకటి ఆ దారిన నడిచింది. బాబరు కుమార్తె, అక్బరు మేనత్త అయిన గుల్‌బదన్ బేగమ్ 1575లో ఫతేపూర్ సిక్రీ నుండి రాజకుటుంబ స్త్రీలతో హజ్‌కు బయలుదేరారు. అప్పటికి ఆమె వయస్సు యాభై దాటింది. గుజరాత్ అంతా మేనల్లుని ఏలుబడిలోనే ఉన్నా, సూరత్ రేవులో వారు దాదాపు ఒక సంవత్సరం నిరీక్షించారు. కర్తాజ్ కోసం బుత్సర్ అనే గ్రామాన్ని పోర్చుగీసులకు ఇవ్వవలసి వచ్చింది. చివరకు 1576లో ఓడలు కదిలాయి. బేగమ్ అరేబియాలో మూడేళ్లకు పైగా ఉండి నాలుగు హజ్‌లు చేశారు. తిరుగు ప్రయాణంలో ఓడ ఏడెన్ వద్ద దెబ్బతిన్నది. 1582లో గాని ఇల్లు చేరలేకపోయారు. తండ్రి, సోదరుల కాలాన్ని గురించి ఎంతో చక్కగా వ్రాసిన ఆమె కలం నుండి ఈ ప్రయాణ వృత్తాంతం మనకు దక్కలేదు. ఇది మన సాహిత్యానికి పెద్ద లోటు.

కాగితం చేతిలో ఉన్నంత మాత్రాన క్షేమం సిద్ధిస్తుందా అంటే, అదీ లేదు. 1613లో 'రహీమీ' అనే మహానౌకను పోర్చుగీసులు సూరత్ సమీపంలో పట్టుకుని గోవాకు తరలించారు. ఆ ఓడ జహంగీరు చక్రవర్తి తల్లి మర్యముజ్జమానీది. అందులో వందలాది ప్రయాణికులున్నారు. వారి వద్ద కర్తాజ్ కూడా ఉంది. ఆంగ్లేయులతో మొగలులు స్నేహం చేస్తున్నారన్న కోపమే ఈ పనికి కారణం. ఆగ్రహించిన జహంగీరు పోర్చుగీసు స్థావరమైన డామన్ మీదికి సేనను పంపాడు. సంతకం చేసినవాడే మాట తప్పితే, చక్రవర్తి తల్లికైనా ఆ కాగితం కాగితమే.

ఐలా పత్రం

చరిత్రలో ఇంతకు పూర్వమే సముద్రయానానికి సంబంధించిన మరొక పత్రం ఉంది. కర్తాజ్‌ను తూచడానికి అంతకంటె తగిన తూకపురాయి మాకు కనబడలేదు. హిజ్రీ 9వ సంవత్సరంలో దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) తబూక్‌లో ఉన్నప్పుడు, ఎర్రసముద్రపు కొసన ఉన్న ఐలా రేవుకు అధిపతి అయిన యుహన్నా ఇబ్నె రూబా వచ్చి సంధి చేసుకున్నాడు. ఆయన క్రైస్తవుడు. ఐలా అంటే నేటి అఖబా ప్రాంతం. ఐలా ప్రజలు జిజ్యా చెల్లించడానికి అంగీకరించారు. ప్రవక్త (స) వారికి వ్రాయించి ఇచ్చిన పత్రం సారాంశాన్ని ఇబ్నె ఇస్‌హాఖ్ భద్రపరచారు. భూమి మీది వారి బిడారులకు, సముద్రంలోని వారి ఓడలకు అల్లాహ్, ఆయన ప్రవక్త పూచీ ఉంటుంది. వారితో ఉన్న సిరియా, యమన్ వాసులకు, సముద్రం మీద బ్రతికేవారికి కూడా అదే రక్షణ వర్తిస్తుంది. వారు నీళ్లు తోడుకునే చోటు నుండి గాని, వారు నడిచే దారి నుండి గాని, అది నేల మీదిదైనా నీటి మీదిదైనా, వారిని అడ్డగించడం ధర్మసమ్మతం కాదు.

ఐలా వారు కూడా సొమ్ము చెల్లించారు కదా, తేడా ఏమిటి అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. కర్తాజ్‌లోని నిషేధాలన్నీ పుచ్చుకున్నవాని మీదనే: ఇది ఎక్కించవద్దు, అక్కడ ఆగు, ఇది చెల్లించు. ఐలా పత్రంలో 'అడ్డగించరాదు' అన్న కట్టుబాటు ఇచ్చినవారి మీద, వారి అనుచరుల మీద ఉంది. ఒకటి దారిని అమ్మింది. మరొకటి, దారి ముందే వారిదని ఒప్పుకుని దానికి కావలి కాసింది.

ఇస్లామ్‌లో ఈ అభయానికి 'అమాన్' అని పేరు. హిజ్రత్ సమయంలో వంద ఒంటెల బహుమతికి ఆశపడి ప్రవక్త (స) ను వెంబడించిన సురాఖా ఇబ్నె మాలిక్, తన గుర్రం ఇసుకలో కూరుకుపోగా దారికి వచ్చి, వ్రాతపూర్వకంగా అమాన్ కోరాడు. తల దాచుకుంటూ ప్రయాణిస్తున్నవారు, వేటాడవచ్చినవానికి అభయపత్రం వ్రాయించి ఇచ్చారు! ఎనిమిదేళ్ల తర్వాత మక్కా జయించబడి, హునైన్ యుద్ధం కూడా ముగిసిన పిమ్మట, జిఇర్రానా వద్ద సురాఖా ఆ పత్రాన్ని చేత ఎత్తి పట్టుకుని వచ్చాడు. అది చెల్లింది. అమాన్ ఇవ్వడానికి కోట, ఫిరంగి అవసరం లేదు. మక్కా విజయం నాడు హజ్రత్ ఉమ్మె హానీ (రజి) తన ఇంట తలదాచుకున్న వారికి ఇచ్చిన అభయాన్ని, సొంత సోదరుడు కాదన్నా, ప్రవక్త (స) చెల్లుబాటు చేశారు. ఒక గృహిణి నోటిమాట అది. కాగితం కూడా లేదు.

చేతులు మారిన సంతకం

1609లో హాలండుకు చెందిన న్యాయవేత్త గ్రోషియస్ 'మారే లిబెరుమ్' అనే గ్రంథం వెలువరించాడు. సముద్రం ఏ ఒక్కరి సొత్తూ కాదని, అందరికీ దారి ఉండాలని అతని వాదం. పోర్చుగీసు గుత్తాధిపత్యం మీద డచ్చి కంపెనీ తరపున చేసిన వాదం అది. అప్పటికి నాలుగేళ్ల ముందే, 1605లో, డచ్చివారు మచిలీపట్నంలో కోఠీ తెరిచారు. బలం పుంజుకున్న తరువాత వారూ పాసులు ఇవ్వడం మొదలుపెట్టారు. చికాకోలులో జామియా మసీదు లేచిన 1641వ సంవత్సరంలోనే డచ్చివారు పోర్చుగీసుల నుండి మలక్కాను గెలుచుకున్నారు. అటుపై అచే, పెరాక్, కెడా రేవులకు పోయే ఓడలకు వారి పాసులు, వారి ఆంక్షలు. స్వేచ్ఛా సముద్రపు సిద్ధాంతం పుస్తకంలో మిగిలింది.

1687లో గోల్కొండ పతనమైంది. చికాకోలు సర్కారు మొగలుల నుండి నిజాముకు, 1753లో ఫ్రెంచివారికి, 1765 - 66లలో ఆంగ్లేయ కంపెనీకి సంక్రమించింది. మద్రాసు కోట నుండి వచ్చే ఆంగ్లేయ పాసులు ఈ తీరపు ఓడలకు తప్పనిసరి అయ్యాయి. పాసుతో మరొక ప్రమాదం కూడా ఉంది. ఇచ్చినవాడి నుండి అది కాపాడుతుంది గాని, ఇచ్చినవాడి శత్రువుకు మనలను పట్టిస్తుంది. ఐరోపాలో యుద్ధం వస్తే ఆంగ్లేయ పాసు ఉన్న ఓడ ఫ్రెంచివారికి న్యాయమైన వేట. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి నౌకాధిపతి లినోయిస్ మూడు ఓడలతో విశాఖపట్నం రేవు మీద పడి, ఆంగ్లేయ యుద్ధనౌక సెంచూరియన్‌తో పోరాడి, 'ప్రిన్సెస్ షార్లెట్' అనే వాణిజ్య నౌకను పట్టుకుపోయాడు. ఆ యుద్ధం తీరపు ప్రజలకు సంబంధించినది కాదు. భయం మాత్రం వారికీ పంచబడింది.

నేటి ఉద్దానం

కొబ్బరి, జీడి, పనస తోటలతో ఉద్యానవనమని పేరు తెచ్చుకున్న ఉద్దానాన్ని 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను నేలమట్టం చేసింది. మూత్రపిండాల వ్యాధి ఈ గ్రామాలను అంతకు ముందు నుండే పీడిస్తున్నది. తోట పోయిన ఇంట కుమారుని ఓడ ఉద్యోగం ఒక ఊతకర్ర. అందుచేతనే దళారులకు ఇక్కడ గిరాకీ. పలాసలోనైనా, టెక్కలిలోనైనా కుటుంబాలతో మాట్లాడితే, నగలు కుదువపెట్టి దళారికి లక్షలు ముట్టజెప్పిన కథలు వినవస్తాయి. చెప్పిన ఓడ ఒకటి, ఎక్కించిన ఓడ మరొకటి. జీతం లేక పరాయి రేవులో నెలల తరబడి చిక్కుబడినవారు ఉన్నారు.

నాలుగు వందల ఏళ్ల నాటి నాఖుదాకు కర్తాజ్‌లోని షరతులను మార్చే అధికారం లేదు. నేటి నావికునికి చట్టం ఆ మేరకు మెరుగు. 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడికను మన దేశం 2015లో ఆమోదించింది. దాని ప్రకారం నావికునికి ఉద్యోగం ఇప్పించినందుకు అతని నుండి రుసుము వసూలు చేయరాదు. వైద్య ధ్రువపత్రం, నావికుని పుస్తకం, పాస్‌పోర్టు ఖర్చుల విషయం వేరు. నియామక సంస్థకు ఆర్.పి.ఎస్.ఎల్. అనే లైసెన్సు ఉండాలి. డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ జాబితాలో ఆ సంస్థ పేరు ఉన్నదో లేదో ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. ఉద్యోగ ఒప్పందం మీద ఇరుపక్షాల సంతకాలు ఉండాలి. ఒక ప్రతి నావికుని చేతికి రావాలి. అందులో ఓడ పేరు, జీతం, కాలపరిమితి చూడాలి. ప్రతి ఓడకు ఏడు అంకెల ఐ.ఎం.ఓ. సంఖ్య ఉంటుంది. పేరు మార్చినా ఆ సంఖ్య మారదు. దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికంటె దీర్ఘమైన ఆయత్ (అల్ బఖరా 282) అప్పు వ్యవహారాన్ని గడువుతో సహా వ్రాసుకోవడం గురించి, సాక్షుల గురించి. తస్బీహ్ వదలకుండా చదివే ఇళ్లలోనే, దళారి చేతికి లక్షలు ఇచ్చేటప్పుడు రసీదు అడగడానికి మొగమాటపడడం మాకు అర్థం కాదు.

ఒప్పందం, ఓడ వివరాల నకళ్లు తల్లి దగ్గరనో, భార్య దగ్గరనో ఉండడం అవసరం. అబ్బాయి గొంతు ఫోనులో వినబడనప్పుడు అధికారులు మొదట అడిగేవి అవే.

ఏ ఒప్పందమూ లేకుండా పోయేవారు చేపల వేటగాళ్లు. ఈ జిల్లా మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ రేవుకు వలస వెళ్లి, మరబోట్లలో తండేలు కింద నెలల తరబడి వేట సాగిస్తారు. 2018 నవంబరులో అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారిని, జలసరిహద్దు దాటారన్న ఆరోపణ మీద పాకిస్తాన్ అధికారులు పట్టుకున్నారు. నీటి మీద గీత కనబడదు. కాని గీత దాటినవానికి జైలు నిజమే. పద్నాలుగు నెలల పిమ్మట, 2020 జనవరి 6న, వారిలో 20 మంది వాఘా మీదుగా తిరిగి వచ్చారు. అంతకాలం వారి ఇళ్లలో స్త్రీలు బిడ్డలతో అధికారుల చుట్టూ తిరిగారు. 2008 నాటి ఒప్పందం ప్రకారం భారత్, పాకిస్తాన్‌లు తమ నిర్బంధంలో ఉన్న ఎదుటి దేశస్థుల జాబితాలను ఏటా జనవరి 1న, జూలై 1న ఇచ్చిపుచ్చుకుంటాయి. వాటిలో పౌర ఖైదీలు వేరు, జాలర్లు వేరు.